నల్లబల్ల మీద పేర్లు: బడి రోజులు మనిషికి ఏమి మిగులుస్తాయి

టీచరు సెలవు పెట్టిన రోజునో, ప్రధానోపాధ్యాయుడి గదిలో సమావేశం ఉన్న గంటలోనో తరగతి లీడరు చేతికి సుద్దముక్క వస్తుంది. నల్లబల్లకు కుడిపక్కన నిలువుగా ఒక గీత గీసి, పైన ‘గోల చేసినవారు’ అని రాసి, కింద ఒక్కొక్క పేరే చేర్చుకుంటూ పోతాడు. మొదటి పేరు దాదాపు ఎప్పుడూ వెనక బెంచీవాడిదే. ముందు బెంచీలో ఉన్న లీడరు స్నేహితుడు ఎంత మాట్లాడినా ఆ పేరు బల్ల ఎక్కదు. జామకాయలో సగం పెడతానన్నవాడి పేరు ఎక్కినా కాసేపట్లో చెరిగిపోతుంది. రెండోసారి దొరికినవాడి పేరు పక్కన ఇంటూ గుర్తు పడుతుంది. టీచరు తిరిగి వచ్చి, బల్ల వైపు ఒకసారి చూసి, పేర్లున్నవారందరినీ నిలబెడతారు. ఎందుకు రాశావని లీడరును ఎవరూ అడగరు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ పల్లె బడిలో చదివినవారికైనా ఇది తెలిసిన దృశ్యమే. ఆ అరగంటలో పదేళ్ళ పిల్లలు నేర్చుకునే సంగతి సాంఘికశాస్త్రం పుస్తకంలో దొరకదు. అధికారం చేతికొస్తే మనవాళ్ళను ఎలా కాపాడుకోవచ్చో లీడరు నేర్చుకుంటాడు. అధికారం ఉన్నవాడికి దగ్గరగా మెలిగితే ఎంత లాభమో స్నేహితుడు నేర్చుకుంటాడు. నోరు మెదపకపోయినా తన పేరు ఎక్కుతుందని వెనక బెంచీవాడు నేర్చుకుంటాడు. ముగ్గురూ పెద్దవాళ్ళై ఒకరు ఆఫీసులో కుర్చీకి అటువైపు, ఒకరు ఇటువైపు కూర్చున్నప్పుడు ఆ నేర్పే పనిచేస్తుంది. అదే టీచరు లోపలికి రాగానే లీడరును పిలిచి ‘ఈ పేరు ఎందుకు రాశావు, ఆ పేరు ఎందుకు రాయలేదు’ అని అందరి ముందూ అడిగితే, తరగతి మొత్తం మరో పాఠం నేర్చుకుంటుంది. అడగడానికి పట్టేది రెండు నిమిషాలు.

బడి రోజులు మనిషి ఉద్యోగాన్నీ, నడతనూ ఎలా మలుస్తాయన్న ప్రశ్నకు మార్కుల జాబితాలో జవాబు వెతకడం మనకు అలవాటు. మార్కులు తలుపు తెరుస్తాయి, నిజమే. అయితే తలుపు దాటాక ఆ మనిషి ఎలా నడుచుకుంటాడన్నది, అసలు ఏ తలుపు తట్టాలని అతనికి తోచిందన్నది, బడి తనకు ఏ చోటు ఇచ్చిందన్న దాని మీద ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. ఈ రెండు జిల్లాల చరిత్రలోనూ, ఇప్పటి పల్లెల్లోనూ దీనికి సాక్ష్యాలు కావలసినన్ని ఉన్నాయి.

ముందు ఉద్యోగం సంగతి. పిల్లలు తాము చూసిన పనుల్లోంచే తమ పనిని ఊహించుకుంటారు. పెద్ద పరిశ్రమలు తక్కువగా ఉన్న శ్రీకాకుళం పల్లెలో పిల్లవాడు రోజూ చూసే పనులు ఏమిటి? వ్యవసాయం, చేపల వేట, పలాస వైపైతే జీడిపప్పు పని, వలస వెళ్ళిన బంధువు చెప్పే నిర్మాణపు పని. నెల తిరిగేసరికి జీతం వచ్చే మనిషిగా పదేళ్ళపాటు వాడి కళ్ళెదుట నిలిచేది టీచరు ఒక్కరే. సెలవు మీద ఊరొచ్చిన సైనికుడు ఇంకొకరు. అందుకే ఇక్కడి యువత ఆశలు ఈ రెండు దారుల్లోనే ఎక్కువగా నడుస్తాయి. పొందూరు ఖద్దరు దేశమంతా పేరు పడ్డా, పొందూరు బడిలో చదివే పిల్లవాడికి నేత ఒక గౌరవమైన వృత్తిగా కనిపించిందా లేదా అన్నది వేరే ప్రశ్న. పాఠ్యపుస్తకం దాన్ని గొప్పగా చెప్పినా, ‘చదవకపోతే మగ్గం దగ్గరే కూర్చుంటావు’ అన్న ఒక్క మాట ఆ గొప్పతనాన్నంతా తుడిచేస్తుంది.

టీచరు కావాలన్న కోరిక ఇక్కడ ఎంత లోతైనదో ప్రభుత్వ టీచర్ల నియామక పరీక్ష అయిన డీఎస్సీ కోసం ఎదురుచూసిన ఇళ్ళకు తెలుసు. గార మండలం వమరవల్లిలోని ఉపాధ్యాయ శిక్షణ సంస్థ డైట్‌లోనో, మరోచోటో శిక్షణ పూర్తిచేసి, నోటిఫికేషన్ కోసం ఏళ్ళ తరబడి పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నవారు ప్రతి మండలంలోనూ ఉన్నారు. 2018 తర్వాత రాష్ట్రంలో పెద్ద ఎత్తున టీచర్ల నియామకం 2025లో గాని జరగలేదు. పోస్టులు 16,347. నడుమ గడిచిన ఆ ఏడేళ్ళలో ఎందరికో వయసు మీరింది, పెళ్ళిళ్ళు వాయిదా పడ్డాయి. అంతటి ఓపిక జీతం కోసమే అనుకుంటే సగమే అర్థమైనట్టు. తమ ఊరి బడిలో మాస్టారికి దక్కిన మర్యాద వారి కళ్ళలో ఉంది. బాల్యంలో చూసిన గౌరవం ముప్పై ఏళ్ళ వయసు వరకు లాక్కొస్తుంది.

రెండో దారి సైన్యానిది. ఆ దారిలో శ్రీకాకుళంలోని కోడి రామ్మూర్తి స్టేడియం పేరు తెలియనివారు ఉండరు. ఆ పేరు గల మల్లయోధుడు 1882లో వీరఘట్టంలో పుట్టారు. ఇనుప గొలుసులు తెంచి, కదిలే కార్లను ఆపి, సర్కస్ కంపెనీ నడిపి దేశవిదేశాల్లో పేరు తెచ్చుకున్న ఆయన అంతకు ముందు విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడు. మద్రాసులోని సైదాపేటలో శిక్షణ పొంది వచ్చి బడిపిల్లల చేత డ్రిల్లు చేయించిన మనిషి. తెల్లవారుజామున రోడ్డు పక్కన సైన్యంలో చేరడానికి పరుగులు తీసే కుర్రాళ్ళలో చాలామందికి ఆ పరుగు మొదలుపెట్టించింది కూడా ఏదో ఒక బడిలోని పీఈటీ, అంటే వ్యాయామ ఉపాధ్యాయుడే. ఆటల గంటను లెక్కల గంటగా మార్చేసే బడుల్లో ఈ దారి ఆరంభంలోనే మూసుకుపోతుంది. పదో తరగతి పరీక్షల పేరుతో జరిగే ఈ నష్టాన్ని ఎవరూ లెక్కగట్టరు, అది మరీ బాధ కలిగించే విషయం.

చూపు విశాలం కావాలంటే పిల్లలకు కొత్త మనుషులు కనబడాలి. విజయనగరం దగ్గర కోరుకొండలో మహారాజా వారి భవనంలో 1962లో మొదలైన సైనిక్ స్కూలు చేసిన పెద్ద మేలు అదే. ఆరో తరగతిలో చేరిన పల్లెటూరి కుర్రవాడికి, సైనికాధికారులను తయారుచేసే ఎన్డీఏ అనే మాట అక్కడ రోజువారీ మాట. దశాబ్దాలపాటు ఆ మాట మగపిల్లల చెవినే పడింది. 2021-22 నుంచి సైనిక్ స్కూళ్ళు ఆడపిల్లలకూ తలుపులు తెరిచాయి. శ్రీకాకుళం జిల్లా వెన్నెలవలసలోనూ, విజయనగరం జిల్లా కిల్తంపాలెంలోనూ ఉన్న కేంద్ర ప్రభుత్వపు నవోదయ బడులది మరో పద్ధతి. కనీసం 75 శాతం సీట్లు గ్రామీణ పిల్లలకే. తొమ్మిదో తరగతిలో కొంతమందిని ఒక ఏడాదిపాటు హిందీ రాష్ట్రంలోని నవోదయకు పంపి, అక్కడివారిని ఇక్కడికి తెస్తారు. పద్నాలుగేళ్ళ వయసులో వేరే భాష మాట్లాడే వారితో ఒకే గదిలో ఏడాది గడిపిన పిల్లవాడికి తర్వాత ఏ రాష్ట్రంలో ఉద్యోగం వచ్చినా భయం ఉండదు. ఇక 2016లో మొదలైన శ్రీకాకుళం ట్రిపుల్ ఐటీ పదో తరగతి కాగానే ఆరేళ్ళ ఇంజనీరింగ్ చదువులోకి తీసుకుంటుంది. ప్రభుత్వ బడుల్లో చదివినవారికి ప్రవేశంలో 0.4 పాయింట్లు అదనంగా కలిపే నియమం ట్రిపుల్ ఐటీల్లో చాలాకాలం నడిచింది. ఏ బడిలో చదివాడన్నది ఒక లోటుగా గుర్తించి దాన్ని పూడ్చే ప్రయత్నం అది. అంకెగా చిన్నదే, కానీ ఎందరో కూలీల పిల్లలు ఆ అంకె మీద నడిచి ఇంజనీర్లయ్యారు.

ఇంతవరకు చెప్పినది చూపు గురించి. అంతకంటే లోతుగా తాకేది మాట.

ఈ ప్రాంతపు పిల్లవాడు ఇంట్లో ‘ఏటి’ అంటాడు, ‘నాను’ అంటాడు, అక్కను ‘అప్ప’ అని పిలుస్తాడు. బడిలో మొదటి వారంలోనే ఆ మాటలకు నవ్వు ఎదురవుతుంది. తర్వాత ఎప్పుడో విజయవాడ కాలేజీలోనో, హైదరాబాదు ఆఫీసులోనో ఆ నవ్వు మళ్ళీ వినిపిస్తుంది. మొదటి నవ్వును టీచరు ఆపారా, తామూ కలిసి నవ్వారా అన్నది చాలా తేడా తెస్తుంది. నోరు తెరిస్తే నవ్వుతారన్న భయం లోపల కూర్చున్న పిల్లవాడు జవాబు తెలిసినా చెయ్యెత్తడు. ఇంటర్వ్యూలో కూడా ఎత్తడు. మంచి సబ్జెక్టు ఉండీ మాట పెగలని ఉత్తరాంధ్ర కుర్రాళ్ళ గురించి ఉద్యోగాలిచ్చేవారు చెప్పే ఫిర్యాదుకు మూలం ఇంగ్లీషు రాకపోవడంలో కొంత, ఆ పాత నవ్వులో కొంత ఉంది. 2020 నుంచి రాష్ట్రంలో పాఠ్యపుస్తకాలు రెండు భాషల్లో అచ్చవుతున్నాయి. ఒక పుటలో ఇంగ్లీషు, ఎదురు పుటలో తెలుగు. ఆ రెండు పుటల్లోనూ అప్ప అనే మాట ఉండదు. మూడో పుట పిల్లవాడి మనసులో ఉంటుంది, దాన్ని చదవగలిగేది టీచరే.

ఈ బాధకు ఈ నేలే ఒకప్పుడు వైద్యం వెతికింది. 1857లో విజయనగరం మహారాజా వారు పెట్టిన బడి 1879లో కళాశాల అయింది. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి, తండ్రి పోయాక ఆ మహారాజా వారి ఇంగ్లీషు పాఠశాలలోనే చదువుకున్నారు. గురజాడ అప్పారావు కూడా చీపురుపల్లిలో తొలి చదువు ముగించి, తండ్రి మరణించాక విజయనగరం చేరి అక్కడే చదివారు. కళాశాల ప్రిన్సిపాలు చంద్రశేఖర శాస్త్రి ఆ కుర్రవాణ్ణి తన ఇంట్లో పెట్టుకుని, అన్నం పెట్టి చదివించారు. బడిలో మొదలైన గిడుగు గురజాడల స్నేహం జీవితాంతం నిలిచింది. ఇద్దరూ మొదట ఉపాధ్యాయులే అయ్యారు. గిడుగు 1880లో పర్లాకిమిడి రాజావారి స్కూల్లో చేరితే, గురజాడ 1884లో తాను చదివిన విజయనగరంలోనే ఇరవై అయిదు రూపాయల జీతానికి కుదిరారు.

దాదాపు పాతికేళ్ళ తర్వాత ఈ ప్రాంతానికి బడుల ఇన్‌స్పెక్టరుగా జె.ఎ. యేట్స్ అనే ఆంగ్లేయుడు వచ్చారు. చిన్న తరగతుల్లో తెలుగు పాఠం జరిగే తీరు ఆయనకు అంతుపట్టలేదు. జనం మాట్లాడే భాష ఒకటి, పిల్లలు వల్లెవేసే భాష మరొకటి ఎందుకని అడిగారు. విశాఖపట్నం ఏవీఎన్ కళాశాల ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగార్ ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలవారు గిడుగు, గురజాడ అని చూపించారు. వాడుక భాషా ఉద్యమానికి నిప్పు రాజుకున్నది అక్కడే. తెలుగు సాహిత్యాన్ని మలుపు తిప్పిన ఆ వాదం పుట్టింది తరగతి గదిలో, ఒకటో తరగతి పిల్లవాడి ఇబ్బంది లోంచి. ఏటా ఆగస్టు 29న గిడుగు జయంతిని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటూ పద్యాల పోటీలు పెడతాం. ఆ రోజున ఒక్క గంటైనా పిల్లల ఇంటి మాటలను బల్ల మీద రాయిస్తే ఆ మహానుభావుడి పనికి దగ్గరగా ఉంటుంది.

గిడుగు అక్కడితో ఆగలేదు. చరిత్ర చెప్పే పంతులుగా ముఖలింగం ఆలయ శాసనాలు చదవడం సొంతంగా నేర్చుకున్నారు. పర్లాకిమిడి చుట్టుపక్కల కొండల్లోని సవర గిరిజనుల భాష నేర్చుకుని, సవరలో పుస్తకాలు రాసి, సొంత డబ్బుతో బడులు పెట్టి, అక్కడి అధ్యాపకులకు జీతాలిచ్చారు. సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో వెలువడ్డాయి. అంటే ఇంటి భాషలో చదువు అన్న ఆలోచన, జాతీయ విద్యావిధానాలు దాన్ని పలకడానికి ఎంతో ముందే ఈ కొండల్లో ఆచరణలో ఉంది. ఈ శతాబ్దం తొలి దశాబ్దంలో రాష్ట్ర ప్రభుత్వం సవర, కొండ, కువి వంటి గిరిజన భాషల్లో తొలి తరగతుల పుస్తకాలు తెచ్చింది. సీతంపేట కొండల్లో సవర పిల్లవాడు బడికి వచ్చిన మొదటి రోజున తన భాషలో ‘కూర్చో’ అన్న మాట వింటే కూర్చుంటాడు. వినకపోతే కొన్నాళ్ళు మౌనంగా ఉండి, ఆ తర్వాత రాడు.

విలువల సంగతికి వస్తే, చంద్రశేఖర శాస్త్రి ఇంటి అన్నం ఒక్కటే కాదు. కృష్ణా జిల్లా నుంచి సంగీతం కోసం విజయనగరం వచ్చిన ఘంటసాల ఇల్లిల్లూ తిరిగి అన్నం అడిగి, మధూకరం ఎత్తుకుని చదువుకున్నారు. పట్రాయని సీతారామశాస్త్రి ఆయనకు డబ్బు తీసుకోకుండా విద్య నేర్పారు. 1919లో ఆదిభట్ల నారాయణదాసు అధ్యక్షుడిగా మొదలైన విజయనగరం సంగీత కళాశాలలో ద్వారం వెంకటస్వామినాయుడు వయొలిన్ నేర్పారు. పి. సుశీల అక్కడి విద్యార్థిని. ఊరు చదువుకునే పిల్లవాడికి అన్నం పెట్టడం ధర్మమని నమ్మిన కాలం అది. అయితే ఆ ధర్మం అందరి గుమ్మం ముందూ ఒకేలా నిలవలేదు, కులాన్ని బట్టి ఆ గుమ్మాలు కొందరికి తెరుచుకోలేదు. 2003 జనవరి నుంచి రాష్ట్రంలో బడిలోనే వండి పెడుతున్న మధ్యాహ్న భోజనం ఆ కొరతను తీర్చింది. వరండాలో బారుగా కూర్చున్న పిల్లల కంచాల్లో ఒకే గరిటెతో అన్నం పడుతుంది. వారానికి కొన్ని రోజులు గుడ్డు. ఆ బారులో ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారు, కంచం ఎవరు కడిగారు, గుడ్డు మిగిలితే ఎవరికి ఇచ్చారు అన్నవన్నీ పిల్లలు గమనిస్తూనే ఉంటారు. సమానత్వం గురించి పౌరశాస్త్రంలో ఉన్న పాఠం కంటే ఈ బారు ఎక్కువ చెబుతుంది. బారు చెడిపోతే పాఠం ఎంత బాగా చెప్పినా నిలవదు.

విలువలు టీచరు నోటి నుంచి కంటే టీచరు బతుకు నుంచి ఎక్కువగా వస్తాయి. మురపాకలో పుట్టిన కాళీపట్నం రామారావు విశాఖపట్నంలో 1948 నుంచి 1979 వరకు హైస్కూలు లెక్కల మాస్టారు. తెలుగు కథకు దిక్సూచి లాంటి కథలు రాసి, 1997లో శ్రీకాకుళంలో కథానిలయం స్థాపించి, ఎవరు రాసిన కథైనా పోకుండా దాచిపెట్టే పని నెత్తికెత్తుకున్నారు. తన కథలను మాత్రమే కాదు, తనకు ముఖపరిచయం లేనివారి కథలనూ. లెక్కల మాస్టారి అలవాటు అందులో కనిపిస్తుంది. హాజరుపట్టీలో ఏ పేరూ తప్పిపోకూడదు.

ఇలా పేర్లు చెప్పుకుంటూ పోతే ఒక ప్రమాదం ఉంది. మహారాజా వారి బడిలో గిడుగు గురజాడల పక్కన కూర్చున్న మిగతా పిల్లలంతా ఏమయ్యారు? అదే గది, అదే పంతుళ్ళు. గుమాస్తాలైనవారున్నారు, చదువు మానేసినవారున్నారు. కాబట్టి బడి ఒక్కటే మనిషిని తయారుచేస్తుందని అనడం సరికాదు. ఆమదాలవలస మండలం ఊసవానిపేటకు చెందిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చారు. ఆమెను మలిచింది పాఠాల గది కంటే బరువులెత్తిన వ్యాయామశాల, వెంట నిలిచిన కుటుంబం. బడి చేయగలిగేది ఇంటి పరిస్థితులు వేసిన సంకెళ్ళను కొంత సడలించడం, లేదా ఇంకొంత బిగించడం.

బిగిసే చోటు ఎక్కడో కూడా తెలిసిందే. ఊళ్ళో ఉన్న బడి ఐదో తరగతితోనో, ఎనిమిదితోనో ఆగిపోతుంది. ఉన్నత పాఠశాల పక్క ఊళ్ళో. మగపిల్లవాడికి సైకిలు దొరుకుతుంది, ఆడపిల్లకు ‘దూరం కదా’ అన్న మాట దొరుకుతుంది. తీరప్రాంతం నుంచి తండ్రి గుజరాత్‌లోని వేరావల్ రేవుకు వేటకెళ్తే, ఇంట్లో పెద్దపిల్ల చంటివాణ్ణి చూసుకోవాలి. తల్లిదండ్రులిద్దరూ చెన్నైకో హైదరాబాదుకో పనులకు వెళ్ళిన కుటుంబంలో పిల్లలు అమ్మమ్మ దగ్గర చదువుతారు, లేదా పని జరిగేచోట మేస్త్రీ కింద చేరతారు. ఎనిమిదో తరగతిలో ఉండగా కేంద్ర ప్రభుత్వ ఉపకార వేతనం కోసం రాసే ఎన్ఎంఎంఎస్ పరీక్షలో నెగ్గితే తొమ్మిది నుంచి ఇంటర్ వరకు ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి. ఆ దరఖాస్తు నింపించి, ఆదాయ ధ్రువీకరణ పత్రం కోసం తండ్రిని మండల కార్యాలయానికి పంపించి, సెలవురోజుల్లో పాత ప్రశ్నపత్రాలు చేయించిన టీచరు ఉన్న బడిలో పిల్లలు ఆగుతారు. పథకం అన్ని బడులకూ ఒకటే. ఆ పత్రం పట్టుకుని ఇంటికి నడిచి వచ్చిన మనిషిని పిల్లలు ఎన్నటికీ మరిచిపోరు. తాము ఏ ఆఫీసులో చేరినా, కాగితం పట్టుకుని తమ ముందు నిలబడిన పల్లెటూరి మనిషిని చూసినప్పుడు, ఆ టీచరు గుర్తుకు రావడానికి అవకాశం ఉంటుంది.

జూన్‌లో బడులు తెరవగానే ప్రతి తరగతిలోనూ లీడరును ఎంచుతారు. సాధారణంగా మొదటి మార్కు వచ్చినవాడినో, ఎత్తుగా ఉన్నవాడినో. కొందరు టీచర్లు మాత్రం హాజరుపట్టీ వరుసలో వారానికి ఒకరిని లీడరుగా నిలబెడతారు. అలా చేస్తే దసరా సెలవులు దాటిన ఏదో ఒక వారంలో సుద్దముక్క వెనక బెంచీవాడి చేతికి వస్తుంది. నిలువుగీత గీసి, పైన రాయవలసింది రాసి, మొదటి పేరు ఎవరిది రాయాలో తేల్చుకోవడానికి వాడు బల్ల ముందు కాసేపు నిలబడతాడు.